సోమిద బెరడు: సింకోనాతో పోటీకి దిగిన మన అడవి చెట్టు



చేదుగా ఉన్నదంతా మందేనన్న నమ్మకం మనలో బలంగా నాటుకొని ఉన్నది. వేప, నేలవేము, తిప్పతీగ, కాకర వంటివాటిలో చేదు ఎంత ఎక్కువైతే గుణం అంత ఎక్కువని పెద్దలు చెప్పగా విన్నాం. ఇప్పుడు దానికి మరొకటి తోడైంది. ఫలానా చెట్టు బెరడు సారానికి సూక్ష్మజీవులను చంపే శక్తి ఉన్నట్లు పరిశోధనలో తేలిందని పత్రికలలో తరచు వార్తలు చదువుతున్నాం. ఆ వార్త కత్తిరించి దాచుకొని, ఆ బెరడు తెప్పించి, కషాయం కాచుకొని త్రాగేవారు మన మధ్యనే ఉన్నారు. అటువంటి వార్తను ఎంతవరకు నమ్మవచ్చును? ఒక బెరడు మందు అనిపించుకోవాలంటే ఏ పరీక్షలు దాటాలి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల చెట్టు ఒకటి మన పాలమూరు అడవులలోనే ఉన్నది. రెండు వందల ఏళ్లకు పూర్వం అది సింకోనా అంతటిదానితో పోటీకి దిగింది. దాని చరిత్రను ఈనాడు మీ ముందుంచుతున్నాను.

తెలుగు పేరే శాస్త్రనామమైన చెట్టు

ఆ చెట్టు పేరు సోమిద. కొన్నిచోట్ల సోమి మాను అంటారు. సంస్కృతంలో మాంసరోహిణి, హిందీలో రోహన్. వేప, మహాగని చెట్ల కుటుంబానికి చెందినది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అచ్చంపేట, అమ్రాబాద్ ప్రాంతపు నల్లమల అడవులలోను, తూర్పు కనుమలలోను, దక్కను పీఠభూమిలోని ఇతర ఎండు అడవులలోను పెరుగుతుంది. చేవ ముదురు ఎరుపు రంగులో గట్టిగా ఉంటుంది. కాయ పండి ఎండినపుడు ఐదు చెక్కలుగా విచ్చుకొని కొయ్యతో చెక్కిన పువ్వులాగా కనబడుతుంది. రెక్కలున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. బెరడు మందంగా, లోపల ఎర్రగా, నోట పెట్టుకుంటే చేదుగాను వగరుగాను ఉంటుంది.

వృక్షశాస్త్రంలో దీని పేరు సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఇందులో మొదటి మాట మన తెలుగు సోమిదయే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఏడ్రియన్ ద జుస్యూ 1830లో ఈ చెట్టును మహాగని ప్రజాతి నుండి వేరుచేసినపుడు తెలుగు పేరునే కొత్త ప్రజాతికి పెట్టారు. రెండవ మాటకు లాటిను భాషలో జ్వరాన్ని పారద్రోలేది అని అర్థం. ఈ రెండవ మాట పెట్టినవారు అంతకు ముందే ఈ చెట్టును పరీక్షించిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్.

పెరూ బెరడు కోసం వెతుకులాట

రాక్స్‌బర్గ్ స్కాట్లండు దేశీయుడు. 1751లో జన్మించారు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్య శాఖలో 1776లో చేరి, 1781 నుండి కాకినాడ దగ్గర సామర్లకోటలో ఉన్నారు. అక్కడ ఒక ప్రయోగ వనం పెంచుతూ, మిరియం, నీలి వంటి పంటలను పరిశీలిస్తూ, స్థానిక చిత్రకారుల చేత చెట్ల బొమ్మలు గీయిస్తూ పన్నెండేళ్లు గడిపారు. ఆ బొమ్మలే తరువాత కోరమాండల్ తీరపు మొక్కలు అన్న ఆయన మహాగ్రంథానికి ఆధారమైనవి. దాని మొదటి సంపుటం 1795లో వెలువడింది. సోమిద చిత్రం అందులోనిదే.

ఆ కాలంలో వైద్యులను వేధించిన సమస్య విడుపు జ్వరం. వణుకుతో వచ్చి, చెమటతో దిగి, ఒకరోజో రెండురోజులో విడిచి మళ్లీ వచ్చే జ్వరం. మన్నెంలోకి వెళ్లిన సిపాయిలు, ఉద్యోగులు దానికే బలి అయ్యేవారు. దానినే నేడు మలేరియా అంటున్నాం. దానికి తెలిసిన గట్టి మందు ఒకటే, దక్షిణ అమెరికా నుండి వచ్చే సింకోనా బెరడు. దానిని పెరూ బెరడు అనేవారు. 17వ శతాబ్దంలో జెసూట్ మతగురువులు ఐరోపాకు తెచ్చిన ఈ సరుకు స్పెయిన్ ఏలుబడిలోని కొండల నుండి రావలసిందే. ధర ఎక్కువ, కల్తీ అంతకంటె ఎక్కువ. కనుక తన దేశంలోనో తన ఏలుబడిలోనో దొరికే బదులు బెరడు కోసం ప్రతి వైద్యుడూ వెతికేవాడు.

ఇంగ్లండులో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు విల్లో చెట్టు బెరడు రుచి చూసి, అది పెరూ బెరడు లాగా చేదుగా ఉన్నదని గమనించి, సుమారు 50 మంది జ్వర రోగులకు పొడి చేసి ఇచ్చారు. ఆ ఫలితాన్ని 1763లో రాయల్ సొసైటీకి వ్రాసి పంపారు. రాక్స్‌బర్గ్ ఆలోచన కూడా ఆ దారిలోనిదే. రాజమహేంద్రవరం సర్కారు కొండలలో, సామర్లకోట, పెద్దాపురాలకు ఉత్తరాన పెరిగే సోమిద ఆయన కంట పడింది.

సామర్లకోట నుండి ఎడిన్‌బరో దాకా

సోమిద బెరడుపై ఆయన చేసిన ప్రయోగాల వివరణ 1793లో లండనులో అచ్చయింది. బెరడు శక్తిని పెరూ బెరడు శక్తితో సరిపోల్చి, దానికి బదులుగా దీనిని ప్రతిపాదించడమే ఆ రచన ఉద్దేశం. మరుసటి ఏడు, 1794లో, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఆండ్రూ డంకన్ అనే యువకుడు వైద్య పట్టం కొరకు సమర్పించిన లాటిను సిద్ధాంత గ్రంథానికి విషయం సోమిద బెరడే. మన అడవిలోని చెట్టు ఇంత త్వరగా అక్కడి వైద్య విద్యార్థి చేతికి చేరడం గమనించండి. తరువాత ఎడిన్‌బరో, డబ్లిన్ ఔషధ గ్రంథాలలో దీనికి స్థానం దొరికింది. 1868లో వెలువడిన భారత ఔషధ గ్రంథం కూడా దీనిని అధికార ఔషధంగా గుర్తించింది.

మద్రాసు వైద్యుడు వైట్‌లా ఎయిన్స్‌లీ 1826 నాటి తన గ్రంథంలో దీనిని గురించి మంచిమాటతో పాటు ఒక హెచ్చరిక కూడా వ్రాశారు. తగు మోతాదులో ఇది బలకరమైన మందే గాని, ఒక దినంలో నాలుగైదు డ్రాములు మించితే నాడీ మండలాన్ని కలవరపరచి తలతిరుగుడు, ఆపైన మత్తు కలిగిస్తుందని ఆయన అనుభవం. నాలుగైదు డ్రాములంటే నేటి లెక్కలో 15 నుండి 20 గ్రాములు. ఇంట్లో కషాయానికి గుప్పెడు బెరడు వేసేవారు ఈ సంఖ్యను గుర్తుంచుకోవాలి.

ఇంత గౌరవం పొందిన బెరడు నేడు ఏ మలేరియా చికిత్సలోను లేదు. ఎందుకు?

చేదు చేసిన మోసం

ఆనాటి పరీక్షలకు రెండు ఆధారాలు ఉండేవి. ఒకటి నాలుక. బెరడు చేదుగా, వగరుగా ఉన్నదా అని చూసేవారు. రెండవది రసాయనం. బెరడు కషాయంలో అన్నభేది కలిపితే నల్లబడుతుందా అని చూసేవారు. మన పూర్వులు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి వ్రాత సిరా తయారుచేసుకున్నది ఈ గుణంతోనే. ఆ నలుపుకు కారణం టానిన్లు అనే వగరు పదార్థాలు. తోళ్లు ఊనడానికి తంగేడు, తుమ్మ చెక్కలు పనికివచ్చేది కూడా వీటి వల్లనే. సోమిదలో టానిన్లు పుష్కలం. నాలుకకూ, అన్నభేదికీ అది సింకోనాకు తీసిపోలేదు.

అయితే సింకోనాలో జ్వరాన్ని ఆపేది టానిన్ కాదు. ఈ సత్యం వైపు తొలి అడుగులు వేసినవారిలో మన సోమిదపై సిద్ధాంత గ్రంథం వ్రాసిన డంకన్ కూడా ఉండడం చరిత్రలోని చమత్కారం. 1803లో ఆయన సింకోనాలో టానిన్ కంటె వేరైన ఒక ప్రత్యేక పదార్థం ఉన్నదని వాదించి, దానికి సింకోనిన్ అని పేరు పెట్టారు. 1811లో లిస్బన్ నగరంలో గోమెజ్ దానిని స్ఫటికాలుగా రాబట్టారు. 1820లో పారిస్‌లో పెల్తియే, కావెంతూ అనే ఇద్దరు రసాయనజ్ఞులు క్వినైన్‌ను వేరుచేశారు. సోమిదలో క్వినైన్ లేదు. దాని చేదు వేప చేదుకు బంధువైన లిమోనాయిడ్ల జాతిది.

స్టోన్ గారి విల్లో బెరడు కూడా చేదే. దానిలోని సాలిసిన్ ద్వారా ముందుకు సాగిన రసాయన పరిశోధనే శతాబ్దాంతానికి ఆస్పిరిన్‌కు దారితీసింది. అది జ్వరపు వేడిని దించుతుంది గాని మలేరియా క్రిమిని చంపదు. మూడు బెరడులూ చేదే. ఒకటి క్రిమిని చంపింది, ఒకటి వేడిని దించింది, మూడవది ప్రేగులను బిగించి కొంత ఆకలి పుట్టించింది. నాలుక ఈ మూడింటి మధ్య భేదాన్ని కనిపెట్టలేదు.

మరి ఆనాడు సోమిద త్రాగిన రోగులకు జ్వరం తగ్గిన మాట అబద్ధమా? అబద్ధం కానక్కరలేదు. వైవాక్స్ రకం మలేరియా మందు లేకున్నా కొన్ని వారాలకు తనంతట తాను నెమ్మదిస్తుంది. క్రిమి కాలేయంలో దాగి నెలల తరువాత మళ్లీ లేస్తుంది. పైగా విడుపు జ్వరం స్వభావమే విడిచిపెట్టడం. విడిచిన రోజున ఏది త్రాగినా పేరు దానికే వస్తుంది. మందు త్రాగని రోగులను ప్రక్కన పెట్టి సరిపోల్చనిదే ఈ భ్రమ తొలగదు.

లెక్కతో చేసిన పరీక్ష

అటువంటి సరిపోలికకు మంచి ఉదాహరణ కూడా మన దక్షిణాదిలోనే ఉన్నది. 1860లో క్లెమెంట్స్ మార్‌ఖమ్ తెప్పించిన సింకోనా మొక్కలు నీలగిరులలో నాటుకున్నాయి. సింకోనా బెరడులో క్వినైన్ ఒక్కటే కాక క్వినిడిన్, సింకోనిన్, సింకోనిడిన్ అనే మరి మూడు ఆల్కలాయిడ్లు ఉన్నాయి. ఇవి క్వినైన్ కంటె చవక. ఇవి పనిచేస్తాయో లేదో తేల్చడానికి మద్రాసులో నియమించిన సింకోనా కమిషన్ 1866 నుండి 1868 వరకు 3,600 మంది రోగులకు ఈ నాలుగింటినీ ఇచ్చి చూసింది. జ్వరపు విసురు ఆగిందా లేదా అన్నదే కొలబద్ద. నాలుగూ దాదాపు సమానంగా, 98 శాతానికి పైగా రోగులలో పనిచేసినట్లు తేలింది.

ఇక్కడ పరీక్షకు పెట్టినది బెరడు కాదు, బెరడు నుండి వేరుచేసిన శుద్ధ పదార్థం. మోతాదు తెలుసు, రోగుల సంఖ్య తెలుసు, దేనితో సరిపోల్చాలో తెలుసు. 1880లో లావెరాన్ రక్తంలో మలేరియా క్రిమిని చూశారు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దానిని దోమ కడుపులో చూశారు. అప్పటి నుండి జ్వరం విడిచిందా అన్న ప్రశ్నకు తోడు, రక్తంలో క్రిమి పోయిందా అన్న ప్రశ్న వేయడం సాధ్యమైంది. ఆ ప్రశ్నకు క్వినైన్ జవాబు చెప్పగలిగింది. చేదొక్కటే పెట్టుబడిగా ఉన్న బెరడులు చెప్పలేకపోయాయి.

గాజు పళ్లెంలోని వలయం

ఇప్పుడు నేటి వార్తలకు వద్దాం. బెరడు సారం సూక్ష్మజీవులను చంపింది అంటే ప్రయోగశాలలో జరిగేది ఇది. బెరడును నీడన ఆరబెట్టి పొడిచేస్తారు. హెక్సేన్, క్లోరోఫాం, మిథనాల్, నీరు వంటి ద్రావకాలలో వేరువేరుగా నానబెట్టి సారం తీస్తారు. అగర్ అనే జిగురు పోసిన గాజు పళ్లెంపై చీము పుట్టించే స్టెఫైలోకాకస్‌ను గాని, విరేచనాలతో సంబంధమున్న ఈ-కోలైను గాని పరుస్తారు. అగర్‌లో చిన్న గుంటలు చేసి ఆ సారం పోసి, 37 డిగ్రీల వేడిలో ఒక పగలూ రాత్రీ ఉంచుతారు. గుంట చుట్టూ క్రిములు పెరగని తేటైన వలయం ఏర్పడితే దానిని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ప్రక్కనే ఒక ప్రామాణిక యాంటీబయాటిక్‌ను, ఉత్త ద్రావకాన్ని కూడా ఉంచి సరిపోలుస్తారు.

ఇది ఉపయోగకరమైన పరీక్షే. కాని ఇది తొలి వడపోత మాత్రమే. దీనిని చదివేటపుడు మీరు నాలుగు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది. చెట్టుకు మనవలె తెల్ల రక్తకణాలు లేవు. వానకు, బూజుకు, పురుగుకు ఎదురునిలిచేది దాని బెరడు. కనుక అది టానిన్లతో, రెసిన్లతో, చేదు పదార్థాలతో నిండి ఉంటుంది. చాలా చెట్ల బెరడులు ఎంతో కొంత వలయం చూపుతాయి. వలయం కనబడటం అబ్బురం కాదు.

రెండవది. టానిన్ కనబడిన ప్రతి ప్రోటీనునూ పట్టుకొని బిగిస్తుంది. పళ్లెంలో అది క్రిమిని చంపుతుంది. కడుపులోకి వెళితే అక్కడి ఆహారాన్ని, ప్రేగు పొరను పట్టుకొని ఆగిపోతుంది. రక్తంలోని క్రిమి దగ్గరకు చేరేది స్వల్పం.

మూడవది మోతాదు. యాంటీబయాటిక్ మైక్రోగ్రాములలో పనిచేసే చోట ముడి సారం మిల్లీగ్రాములలో కావలసి వస్తుంది. మిల్లీగ్రాము అంటే వేయి మైక్రోగ్రాములు. రెండు వలయాలు ఒకే కొలత ఉన్నంత మాత్రాన రెండు మందులు సమానం కావు.

నాలుగవది ద్రావకం. మిథనాల్‌లో దిగిన పదార్థం మీ ఇంటి నీటి కషాయంలో దిగకపోవచ్చును. మరిగించితే చెడిపోవచ్చును కూడా. చైనా శాస్త్రజ్ఞురాలు తూ యూయూ మాచిపత్రి జాతి మొక్క నుండి మలేరియా మందు తీయగలిగింది మరిగించడం మాని, తక్కువ వేడిలో మరిగే ఈథర్‌ను వాడిన తరువాతనే. అదే నేటి ఆర్టిమిసినిన్. ఆ కృషికి ఆమెకు 2015లో నోబెల్ బహుమతి లభించింది.

సోమిదపై పరిశోధన ఈనాటికీ ఆగలేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వారు దీని కణజాలం నుండి మిథైల్ అంగోలెన్సేట్ అనే లిమోనాయిడ్‌ను వేరుచేసి, సూక్ష్మజీవులపైన, ల్యుకేమియా కణాలపైన దాని ప్రభావాన్ని పరిశీలించారు. ముడి బెరడు నుండి శుద్ధ పదార్థానికి రావడం సరైన దారే. అక్కడి నుండి జంతువులకు, ఆపైన మనుషులకు సాగవలసిన దారి చాలా దూరం. దానిని దాటిన బెరడులు లేకపోలేదు. మన కొడిశపాల బెరడు రక్తవిరేచనాలకు పూర్వం నుండి ఇచ్చేవారు. దాని నుండి తీసిన కొనెస్సిన్ అనే ఆల్కలాయిడ్ అమీబా రోగంపై రోగులలో పరీక్షలకు నిలిచి, ఇరవయ్యవ శతాబ్దంలో వైద్యుల చేతిలో మందుగా వాడుకకు వచ్చింది. తరువాత మరింత మేలైన మందులు రావడంతో వెనుకబడింది. పరీక్షకు నిలవడమంటే అది.

పాలమూరు జ్వరానికి ఇది ఎందుకు ముఖ్యం

మా జిల్లా వారు ఆనకట్టలకు, కాలువ పనులకు దేశమంతా వలస పోయారు. పని ముగించుకొని వచ్చేటపుడు కూలిడబ్బులతో పాటు జ్వరాన్ని కూడా వెంట తెచ్చుకొనేవారు. ప్రభుత్వ వైద్యునిగా అటువంటి వారిని ఎందరినో చూశాను. "సారూ, చెక్క మరగబెట్టుకొని తాగిన. ఒకదినం ఇడిసిపెట్టింది, మల్ల వచ్చింది" అనే మాట సాధారణం. ఆ విడుపు దినం చెక్క ఇచ్చినది కాదు, జ్వరం స్వభావం ఇచ్చినది. ఫాల్సిపారం రకమైతే ఆ నమ్మకంతో గడిచే రెండు మూడు దినాలలోనే అది మెదడుకు ఎక్కవచ్చును. అప్పుడు ఏ ఆసుపత్రి అయినా కష్టపడవలసిందే.

కనుక నా సలహా ఇది. వణుకుతో జ్వరం వచ్చినా, ఏ జ్వరమైనా ఒకరోజుకు మించినా రక్తపరీక్ష చేయించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మలేరియా పరీక్షా, మందులూ ఉచితం. వైవాక్స్‌కు మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు కాలేయంలో దాగిన క్రిమి కోసం 14 రోజుల ప్రైమాక్విన్ ఇస్తారు. గర్భిణులకు, పసిపిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు. మిగిలినవారు కూడా వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. ఫాల్సిపారంకు ఆర్టిమిసినిన్ కలిసిన మిశ్రమ చికిత్స ఉన్నది. జ్వరం తగ్గిందని నడుమ మానవద్దు. ఏ కషాయమైనా ఇప్పటికే త్రాగి ఉంటే ఆ సంగతి వైద్యునికి దాచకుండా చెప్పండి. ఆయన కోప్పడినా ఫరవాలేదు, మోతాదు నిర్ణయించడానికి ఆ వివరం ఆయనకు అవసరం.

చెట్టు ప్రాణం కూడా లెక్కే

బెరడు మందుకు మరొక మూల్యం ఉన్నది. ఆకు కోస్తే చిగురిస్తుంది. కాయ కోస్తే మరుసటి ఏడు కాస్తుంది. బెరడు చుట్టూ ఒలిస్తే ఆకులలో తయారైన ఆహారం వేళ్లకు దిగే దారి తెగిపోతుంది. చెట్టు నిలుచున్న చోటనే ఎండిపోతుంది. దక్షిణ అమెరికాలో సింకోనా అడవులు ఇలాగే పలచబడినాయి. ఆ భయంతోనే దానిని ఇక్కడ తోటలుగా పెంచవలసి వచ్చింది. ఒక వార్త చదివి పదిమంది గొడ్డలి పట్టుకుంటే నల్లమలలో నెమ్మదిగా పెరిగే సోమిదకు తోటలు వేసి కాపాడే మార్‌ఖమ్ ఎవరూ లేరు.

సోమిద ఓడిపోయినదని నేననను. అది తాను కానిదానిగా నిలబెట్టబడింది. వగరు బెరడుగా దానికి విరేచనాలలో, పుండ్లలో కొంత గుణం ఉండవచ్చును. దాని లిమోనాయిడ్లలో రేపటి మందు దాగి ఉండవచ్చును. అది తేల్చవలసినది మన నాలుక కాదు, ఓపికగా సాగే పరీక్ష. ఈసారి బెరడు సారం క్రిములను చంపిందన్న వార్త కంటబడినపుడు మూడు ప్రశ్నలు వేయండి. ఏ ద్రావకంలో తీసిన సారం? ఎంత మోతాదు? మనుషులలో పరీక్షించారా? మూడవ ప్రశ్నకు అవును అన్న జవాబు లేనంతవరకు, ఆ బెరడును చెట్టుకే ఉండనివ్వండి.